మీకు తెలుసా? పిల్లి ఇన్సులిన్‌కు సిరంజి మూత రంగూ ముఖ్యమే

సూరత్ లింబాయత్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలకు 12 గంటల షిఫ్టు తెలిసిందే. షుగర్ వచ్చిన పిల్లికి ఇన్సులిన్ కూడా సాధారణంగా 12 గంటలకోసారే, తిండి తిన్నాక.

అసలు ప్రమాదం సిరంజిలో ఉంది. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులినూ, 100 యూనిట్లదీ రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూతది. పిల్లులకు తరచూ రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్ల రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలో 2 యూనిట్ల గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 5 యూనిట్లు! అంత చిన్న ప్రాణం తట్టుకోలేదు.

పిల్లి తినకపోతే సూది వేసే ముందు పశువైద్యుణ్ణి అడగండి. సూది వేశాక షుగర్ మరీ పడిపోయి తూలుతుంటే చిగుళ్లకు తేనె రాసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.