వేఁటడేగపిల్ల: గృహ్యకము, గృహజాతము

పాణిని తన వ్యాకరణమునందలి యాఱవ యధ్యాయమున శ్యేన, తిల శబ్దములు రెంటికొఱకే యొక సూత్రమును రచించెను. ఈ రెంటికిఁ బాతశబ్దము పరమగునపుడు నడుమ మకార మాగమముగా వచ్చి శ్యైనంపాత, తైలంపాత యను రూపము లేర్పడునని దాని తాత్పర్యము. శ్యేనపాతము దేనియందుఁ గలదో యా క్రియ శ్యైనంపాత. కాశికావృత్తికారులు దీనికి మృగయను విశేష్యముగాఁ జూపిరి. కాశిక క్రీ.శ. 7వ శతాబ్దమునాఁటిది గావున నా యుదాహరణమును నాఁటిదే కావచ్చునని యెవరేని శంకించిన శంకింపవచ్చును. కాని పదము పాణినిది. లోకమున వాడుకలేని పదమునకై యాయన సూత్రమును వ్యయపఱచువాఁడు కాఁడు.

వేఁటకు విడువఁబడిన యా శ్యేన మెచ్చటినుండి వచ్చినదను ప్రశ్న మాత్రము పండితుల చర్చలలో నరుదు. గుఱ్ఱమునకు వంశము గలదు. అశ్వశాస్త్రములు జాతిని, పుట్టువును విచారించును. పందెపుఁగోడికిని వంశము గలదు. కుక్కుటశాస్త్ర మెఱిఁగినవారు నేఁటికిని గోడిపుంజులలో నొక రంగుదానిని డేగ యనియే పిలుతురు. పక్షిపేరు కోడికిఁ బోయినదే కాని కోడికుండు వంశావళి పక్షికి రాలేదు. పశ్చిమచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందుఁ గోడిపందెమును డేగవేఁటయు రెండును రాజవినోదములే. అయినను వానిలో నొకటి యింటఁ బుట్టిన పక్షితో నాడునది, రెండవది యడవిఁ బుట్టిన పక్షితో నాడునది. ఈ విషయమున డేగకు సాటి యేనుఁగు. కౌటిల్యుఁ డేనుఁగులకై వనములను విధించెను. వేసవియందుఁ బట్టవలెననియు, ఇరువదియేండ్ల దానిని బట్టవలెననియు, పాలు విడువని గున్నను బట్టరాదనియు శాసించెను. పెంచి పెద్దచేయు వ్యయముకంటెఁ బెరిగినదానిని బట్టి మచ్చిక చేయుటయే సులభమని పూర్వు లెఱుఁగుదురు. డేగవిషయమునను వా రదే త్రోవఁ బట్టిరి, కాని పిల్లను విడిచిపెట్టలేదు.

గ్రీకుభాషలో జంతుచరిత్రమును వ్రాసిన యీలియను అను రోమకుఁడు, హిందూదేశపువారు కుందేళ్లను నక్కలను వేఁటకుక్కలతోఁ గాక పక్షులతోఁ బట్టుదురనియు, అందులకై గద్ద, కాకి మున్నగువాని పిల్లలను దెచ్చి పెంచి వేఁట నేర్పుదురనియుఁ జెప్పినాఁడు. ఇతనికి మూలము క్రీ.పూ. 400 ప్రాంతమునఁ బారసీకరాజు కొలువున వైద్యుఁడుగా నుండిన క్టీసియసు. క్టీసియసు వ్రాఁతలలోఁ గల్ల లెక్కువ. కాని యమరసింహుఁడు శ్యేనమునకు శశాదన మను పర్యాయము నిచ్చుట తలఁచిన నీ కుందేటి మాట కట్టుకథ యనిపింపదు. ఇందు గమనింపవలసిన దేమనఁగా, పిల్లను దెచ్చిరి, పుట్టించిరని కాదు.

వేఁటకాండ్రు డేగను సంపాదించు తెఱఁగులు మూఁడు. గూటినుండి పిల్లను దీయుట యొకటి. గూడు విడిచి యొంటిగాఁ దిరుగుచుఁ దొలియేఁటి యీకలతో నున్నదానిని బట్టుట రెండవది. ఈకలు మార్చిన ముదురుదానిని బట్టుట మూఁడవది. గూటిపిల్ల మనుష్యునికి వెఱవదు. ఆకలియైనప్పుడెల్ల నోరు దెఱచి యఱచును. వేఁట దానికిఁ దెలియదు, అంతయు నేర్పవలయును. తొలియేఁటి పిట్టకుఁ దల్లిదండ్రులే వేఁట నేర్పియుందురు. మనుష్యుని చేతిపైఁ గూర్చుండుట నేర్పిన మిగిలినది యదియే చేసికొనును. అందుచేతఁ బెక్కుమంది దీనినే మేలందురు. ముదురుడేగ యందఱికంటెఁ జతురమైనది, కాని త్రోవ దొరకిన మరల రాదు.

నెల్లూరున వైద్యాధికారిగా నుండి పక్షిశాస్త్రజ్ఞుఁడై ప్రసిద్ధి కెక్కిన జర్డను 1862–64 సంవత్సరములలోఁ బ్రకటించిన హిందూదేశపక్షుల గ్రంథమునఁ దన కాలమునాఁటి పట్టుడును వర్ణించినాఁడు. డేగ ఱెక్కలు చాఁచిన నెంత వెడల్పో యంత పొడవుగల సన్నని బెత్తపుఁబుల్లకు జిగురు పూసి, నడుమ నొక గువ్వను గట్టి, డేగ కనఁబడినపుడు విడుతురు. గువ్వను దన్నిన డేగ ఱెక్కలు జిగురునకంటి నేలఁ బడును. ఈ యుపాయమునకు ఈర్వాన్ అని పేరు. గువ్వ కన్నులు ముందే కుట్టివేయుదురు. ఇది చదువునపుడు వినోద మను మాటకుఁ గల యర్థము కొంత మాఱును. కొండకొమ్ముల చఱియలలోఁ గాఁపురముండు షాహీను మార్చి, ఏప్రిలు మాసములలో గ్రుడ్లు పెట్టుననియు, మే, జూను మాసములలోఁ బిల్ల లెగురుననియు, అప్పుడే వేఁటకాండ్రు వానిని బట్టుదురనియు నాతఁడే చెప్పెను. షాహీనును జేతినుండి వేఁటపైఁ బంపరు. అది వేఁటకాండ్ర తలపైఁ జాల యెత్తునఁ దిరుగుచుండఁగాఁ, గ్రిందఁ బక్షిని లేపుదురు.

పేరుల మాటకు వచ్చినఁ జిక్కు హెచ్చు. కుమాయూఁ దేశపు రాజగు రుద్రదేవుఁడు 16వ శతాబ్దమున రచింపఁగా, హరప్రసాదశాస్త్రి 1910లోఁ గలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి పక్షమునఁ బ్రకటించిన శ్యైనికశాస్త్రము వేఁటపక్షులను గంటిని బట్టి రెండుగా విభజించుచున్నది: కృష్ణాక్షములు, పాటలాక్షములు. నేఁటి పక్షిశాస్త్రజ్ఞులు పొడవైన కోసఱెక్కలును, ముక్కున గాటును, నల్లని కన్నులును గలవాని నొక కుటుంబముగాను, పొట్టిఱెక్కలును, పచ్చని లేక యెఱ్ఱని కన్నులును గలవానిని వేఱొక కుటుంబముగాను నెన్నుదురు. రాజు వేఁటలోఁ గన్నదియు శాస్త్రజ్ఞుఁడు శల్యపరీక్షఁ గన్నదియు నొక్కటే యగుట మెచ్చఁదగినది. భైరి, షాహీను, లగడు, తురుమితి మొదటి కుటుంబమువి. బాజు, షిక్రా రెండవ కుటుంబమువి. తెలుఁగున డేగ యను నొక్కమాట రెంటికిని జెల్లును. జర్డను భైరిని భైరిడేగ యనియు, షిక్రాను జాలెడేగ యనియుఁ దెలుఁగువారు పిలుచుట వినినాఁడు. నిఘంటువులలోఁ బక్షివిశేషమని వ్రాసి విడిచినచోఁ జదువరికిఁ గన్ను నల్లనిదో పచ్చనిదో తెలియదు. సాళువ మనునది వేఁటడేగకే పేరు. మధుర సుల్తానులపైఁ గంపరాయలు దండెత్తినపుడు తోడ్పడిన మంగువంశమువారు దానిని బిరుదుగాఁ దాల్చిరి. ఆ వంశమువాఁడే 1485లో విజయనగరసింహాసన మెక్కిన సాళువ నరసింహుఁడు. రాజవంశమునకుఁ బేరిచ్చిన పక్షికి నిఘంటువున నొకటి రెండు మాటలకు మించి చోటు దక్కకుండుట శోచనీయము.

ఉత్తరసర్కారులకుఁ గమిషనరుగా నుండిన సర్ వాల్టరు ఎల్లియటు 1859లో ఫ్లోరా ఆంధ్రికా యను పేర నీ ప్రాంతపు మొక్కల తెలుఁగు పేరులను శాస్త్రనామములతో జతపఱచి ప్రకటించెను. పక్షులపేరుల కట్టి యుపకారము నాఁడు జరుగలేదు. చోడవరమున శారదానది యొడ్డునఁ జెఱకుతోఁటల గట్లపై నిలిచి చూచువారికి, తోఁట నడిమి చెట్టునుండి జాఱి పిచ్చుకగుంపునఁ బడు చిన్నపక్షి తఱచుగాఁ గనఁబడును. అది జాలెడేగ. దానిని గద్దయనువారును గలరు. శీతకాలమున నుత్తరదేశములనుండి వచ్చి సముద్రతీరమునను జెఱువులకడను బాతులను దన్ను భైరి వేఱు. చోడవర మిటీవలివఱకు విశాఖపట్టణము జిల్లాలోనిదై 2022 ఏప్రిలునుండి యనకాపల్లి జిల్లాలోఁ జేరినది. జిల్లాపేరు మాఱినను డేగపేరులలోని గందరగోళము మాఱలేదు.

ఇంతవఱకుఁ జెప్పినదంతయుఁ బట్టిన డేగను గూర్చి. ఇంటఁ బుట్టిన డేగ 20వ శతాబ్దపు వస్తువు. శ్యైనికశాస్త్రమున నేడు పరిచ్ఛేదములు గలవు. శిక్ష గలదు, చికిత్స గలదు, వేఁట గలదు. పెంపకపుఁ బక్షి జననమునకుఁ బరిచ్ఛేదము లేదు. డేగ బంధనమున గ్రుడ్లు పెట్టదనియే వేలయేండ్లుగా వేఁటకాండ్ర నమ్మకము. జర్మనీదేశమున రెంజ్ వాలరు 1942, 1943 సంవత్సరములలో భైరిజాతి పిల్లలను బంధనమునఁ బుట్టించి పెంచఁగలిగినను, యుద్ధకాలమగుటచే నది ముందునకు సాగలేదు. తరువాత డి.డి.టి. యను క్రిమినాశకము పొలములనుండి పిట్టలలోనికిని, పిట్టలనుండి డేగలలోనికిని జేరి వాని గ్రుడ్లపెంకులను బలుచఁజేసెను. తల్లి పొదిగిన గ్రుడ్డు తల్లిక్రిందనే పగిలెడిది. అమెరికాలోఁ దూర్పుభాగమున భైరులు పూర్తిగా నశించెను. అప్పుడు కార్నెలు విశ్వవిద్యాలయమునఁ టామ్ కేడ్ అను నాచార్యుఁడు 1970లోఁ బెంపకమును బూని, 1973లో నిరువది పిల్లలను బెంచెను. ఆయన స్థాపించిన సంస్థ యా తరువాత నాలుగువేలకుఁ బైగా భైరులను విడిచిపెట్టెను. అమెరికాలో 1972లో డి.డి.టి. నిషిద్ధమయ్యెను, 1999లో భైరి యచ్చటి యపాయస్థితిజీవుల పట్టికనుండి తొలఁగింపఁబడెను. ఇందులకుఁ దోడ్పడినవారిలోఁ బెక్కురు డేగవేఁటకాండ్రే. పిల్లను గూటినుండి తీసిన చేతులే పిల్లను గూటఁ బెట్టుట నేర్చినవి.

పెంపకపు రహస్యము చెప్పుటకుఁ జిన్నది, చేయుటకుఁ బెద్దది. జంటను జుట్టును గోడలుగల గదిలో నుంచి, పైకప్పునుండి మాత్రమే వెలుఁగు వచ్చునట్లు చేసి, ఇసుక పఱచిన యరుఁగు నొకదానిని గూఁడుగా నిత్తురు, మనుష్యులు కనఁబడరాదు. రెండు మూఁడేండ్లకుఁ గాని భైరి యీడునకు రాదు. పెట్టు గ్రుడ్లు మూఁడో నాలుగో. వానిని దీసివేసిన మరల పెట్టును. పొదుగుటకు సుమారు 33 దినములు. పిల్ల యెగురుటకు సుమా రాఱువారములు. ఇచ్చటనే చిక్కు గలదు. తొలిదినములలో నెవరి ముఖమును జూచునో వారినే తనజాతి యని పిల్ల భ్రమించును. మనిషి చేతిమేఁతతోఁ బెరిగినది మనిషినే తల్లిగాఁ దలఁచి జీవితాంత మఱచుచుండును, కొన్నిసమయములఁ గాలిగోళ్లతోఁ బైకి దుమికెడిదియు నగును. అందుచేతఁ దెలిసినవారు తల్లిదండ్రులయొద్దనో, తోడిపిల్లలతోనో పెరిగినదానినే కోరుదురు. మగదానికంటె నాఁడుది సుమారు మూఁడవవంతు పెద్దది గనుక నే వేఁటకై కోరుచున్నారో ముందే నిర్ణయించుకొనవలయును; తురుమితి ఆఁడుది, దాని మగది చేతువ యని హిందూస్థానీలో వేఱువేఱు పేరు లుండుట కిదియే కారణము.

పుట్టిన రెండువారములలోపలఁ బిల్ల కాలికి నతుకులేని కడియము తొడుగుదురు. పాదము పెరిగిన పిదప నది యెక్కదు, దిగదు. ఈ కడియమే దాని జన్మపత్త్రిక. ఇట్టి గుఱుతు గావలసివచ్చుటకుఁ గారణము శబ్దార్థవిచారమును బోలిన ధర్మవిచారము. అమరసింహుఁడు ఛేక, గృహ్యక శబ్దముల నింటికి మచ్చికయైన పక్షిమృగములకుఁ జెప్పెను. గూటినుండి తెచ్చిన పిల్ల గృహ్యకమే. కాని గృహ్యకము గృహజాతము కాదు. అంతర్జాతీయవ్యాపారమును నియమించు 1973 నాఁటి యొడంబడికయు, పుట్టుకతోఁ బాటు తల్లిదండ్రుల కలయికయు బంధనముననే జరిగినఁ గాని పక్షిని బెంపకపుఁబక్షిగా నంగీకరింపదు. అడవిగ్రుడ్డును దెచ్చి యింటఁ బొదిగించిన పిల్ల యీ లెక్కకు రాదు. నేఁటి వ్యాసకర్తలు గొందఱు పెంపకపుఁబక్షి కంతటికిని గృహ్యకశబ్దమునే వాడుట యీ భేదమును జెఱుపును. గృహజాత మనుటయే యుచితము. తెలుఁగున ఇంటఁబుట్టిన డేగ యన్నఁ జాలును.

భారతదేశ మా యొడంబడికలో 1976లోఁ జేరినది. అంతకు ముందే 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణశాసనము డేగలను బట్టుటను, గ్రుడ్లను దీయుటను, గూళ్లను జెఱుచుటను నేరముగాఁ జేసెను. విదేశమునుండి గృహజాతమును దెప్పించుటకును బ్రభుత్వానుమతి కావలయును. డేగవేఁటను 2010లో యునెస్కో మానవజాతి వారసత్వముగా నంగీకరించినపుడు దరఖాస్తు చేసిన పదునొకండు దేశములలో భారతదేశము లేదు. కాఁబట్టి పాణిని సాధించిన శ్యైనంపాత యీ దేశమునఁ బుస్తకమున మాత్రము మిగిలినది.

వేసవిలో మామిడిచెట్టుపై జాలెడేగ గూఁడు పెట్టినపుడు గాలివానకుఁ బిల్లలు పడుట గలదు. బాలు రట్టిదానిని బడికిఁ దెచ్చి యుపాధ్యాయునిముందుఁ బెట్టుదురు. పాలును అన్నమును దాని కాహారము కాదు. వానితో నది చచ్చును. గాయము లేనియెడల నదే చెట్టుకొమ్మపైఁ బుట్టలో నుంచి దూరముగాఁ దొలఁగినఁ దల్లి వచ్చి మేపును; మనుష్యుఁడు తాఁకినఁ దల్లి విడుచునను మాట నిజము కాదు. గాయపడియున్న నటవీశాఖవారి కప్పగింపవలయును. పంజరమునఁ బెట్టినచో నది గృహ్యక మగును, శాసనము దృష్టిలో నేరమునగును.