'హి' అంటే ఎవరు? – సర్వనామాల సంగతి

మన బడిలో సర్వనామాల పాఠం వచ్చే వారం మాకు గంట సమయం ఎప్పుడూ చాలదు. నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం అన్న సంగతి పిల్లలు వారం రోజుల బడిలో ఇంగ్లీషులో ముందే నేర్చుకుని వస్తారు. చిక్కంతా ఆ చిన్న మాట ఎవరిని చూపిస్తోందన్న దగ్గరే. ఫోనులో అమ్మమ్మ గురించి మాట్లాడుతూ "అది ఎక్కడుంది?" అని అడిగిన పిల్లను చూసి ఇంటిల్లిపాదీ నవ్వితే, ఆ పిల్ల ఆ తరవాత ఇంగ్లీషులోకి జారుకుంటుంది. నిజానికి ఆ తప్పు వెనక మంచి తర్కమే ఉంది. అదేమిటో పెద్దలకు తెలిస్తే నవ్వే బదులు చెప్పగలుగుతారు.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. అక్కడ సర్వనామం సాధారణంగా అంతకు ముందు వచ్చిన ఒక పేరును చూపిస్తుంది. ఆ పేరును యాంటిసిడెంట్ అంటారు. "సీత లాస్ట్ హర్ బుక్" అంటే 'హర్' సీతే. అలా ఒక్కరే ఉంటే ఇబ్బంది లేదు. "రవి టోల్డ్ సురేష్ దట్ హి హాడ్ వన్" అన్నప్పుడు గెలిచింది ఎవరు? రవి కావచ్చు, సురేష్ కావచ్చు, మూడో మనిషి కూడా కావచ్చు. ఇంగ్లీషు టీచర్లు పిల్లల వ్యాసాల్లో 'హి' చుట్టూ సున్నా చుట్టి "ఎవరు?" అని రాసేది ఇలాంటి చోటే. అక్కడ పేరు మళ్ళీ రాయాలి, లేదా వాక్యం మార్చుకోవాలి.

తెలుగులో ఈ ఇబ్బంది చాలావరకు రాదు. "తాను గెలిచానని రవి సురేష్‌తో చెప్పాడు" అంటే గెలిచింది రవి. 'తాను' చెప్పేవాడి వైపే తిరుగుతుంది, 'గెలిచాను' లోని 'ను' కూడా అదే మాట చెబుతుంది. "నువ్వు గెలిచావని" అంటే సురేష్. "అతను గెలిచాడని" అంటే మామూలుగా ఇద్దరూ కాదు, వేరే ఎవరో. ఇంగ్లీషులో ఒక్క 'హి' మోసిన బరువును మన భాషలో ముగ్గురు పంచుకున్నారన్నమాట.

తెలుగు క్రియలోనే కర్త దాగి ఉంటుంది కాబట్టి చాలాసార్లు సర్వనామమే అక్కరలేదు. "తిన్నావా?" "తిన్నాను." అంతే. ఈ అలవాటుతోనే మన పెద్దవాళ్ళు ఇంగ్లీషులో "ఐ లైక్" అని ఆగిపోతారు, అక్కడ 'ఇట్' ఉండి తీరాలి. పిల్లలది సరిగ్గా దీనికి తిరగేసిన పొరపాటు. "ఇట్ ఈజ్ రెయినింగ్" ను "అది వాన పడుతోంది" అంటారు. ఇంగ్లీషు వాక్యానికి కర్త లేకపోతే కుదరదు గనుక ఆ 'ఇట్' ను ఊరికే నిలబెట్టారు. అది దేన్నీ చూపించదు. తెలుగులో దానికి పని లేదు.

ఇప్పుడు అమ్మమ్మ దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు మగవారికి 'హి', ఆడవారికి 'షి', వస్తువులకు 'ఇట్' అని మూడు పెట్టెలు చేసింది. తెలుగు క్రియకు ఏకవచనంలో రెండే పెట్టెలు. అన్న వచ్చాడు, అక్క వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది. బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అని చెప్పింది ఈ తేడాల గురించే. బహువచనంలో పెట్టెలు మారిపోతాయి. అక్కలూ అన్నలూ కలిసి "వచ్చారు", కుక్కలూ బస్సులూ "వచ్చాయి". అక్కకు, బస్సుకు "వచ్చింది" ఒకటే అయినప్పుడు బస్సును 'అది' అంటే అక్కను ఎందుకు అనకూడదు? పిల్లల తర్కం ఇది. పైగా ఇంట్లో అమ్మ చెల్లాయి గురించి "అది పాలు తాగదు" అని ముద్దుగా అనడం రోజూ వింటారు. కాబట్టి 'అది' తప్పు మాటని చెబితే పిల్లలు నమ్మరు. పెద్దవాళ్ళు చిన్నపిల్లల్ని చనువుగా 'అది', 'వాడు' అంటారని, చిన్నవాళ్ళు పెద్దల్ని అలా అనరని చెప్పాలి. "అమ్మమ్మ వచ్చింది" అనవచ్చు, అందులో ప్రేమ ఉంది. "అది వచ్చింది" మాత్రం అనకూడదు.

ఇంగ్లీషు 'హి' కి వాడు, అతను, ఆయన, వారు అని మనకు నాలుగు మెట్లున్నాయి. ఎదురుగా ఉంటే వీడు, ఇతను, ఈయన, వీరు. ఏ మెట్టు మీద నిలబడాలో వాక్యంలో ముందు వచ్చిన పేరు చెప్పదు. ఆ మనిషి మనకు ఏమవుతారో తెలియాలి. అందుకే పిల్లలు డిక్షనరీ చూసి దీన్ని నేర్చుకోలేరు. నువ్వు, మీరు కూడా అంతే. కొన్ని ఇళ్ళలో అమ్మను 'నువ్వు' అని, నాన్నను 'మీరు' అని అంటారు. కొన్ని ఇళ్ళలో ఇద్దరూ 'నువ్వే'. బడిలో మేము దాన్ని దిద్దం, అది ఆ ఇంటి పద్ధతి. బయటి పెద్దల్ని మాత్రం 'మీరు' అనమంటాం.

ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఒక్కరిని అనడానికి 'దౌ' ఉండేది. 'యూ' బహువచనం, గౌరవవాచకం. రానురాను 'యూ' అందరికీ ఒకటైపోయింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వినిపించే 'యాల్' ఆ ఖాళీని పూడ్చడానికి వచ్చిందే. ఒక్క మనిషిని 'దే' అనడం ఈమధ్య వింత అనుకుంటాం గాని, ఆ వాడుక ఇంగ్లీషులో వందల ఏళ్ళుగా ఉంది. ఆ మాటనే మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో ఆ ఏటి మాటగా ఎంచుకుంది. తరగతిలో ఎవరినైనా 'దే' అంటున్నారని, తెలుగులో ఎలా చెప్పాలని పిల్లలు అడిగితే "వారు వచ్చారు" ఉండనే ఉంది. అందులో ఆడా మగా తేడా లేదు.

ఇక మాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట: మనం, మేము. ఇంగ్లీషు 'వి' రెండింటికీ ఒకటే. "వి ఆర్ గోయింగ్ టు ఇండియా" అని మనసులో అనుకుని పక్కింటి ఆంటీతో "మనం ఇండియా వెళ్తున్నాం" అంటే ఆవిడ పెట్టె సర్దుకోవాలి! వినేవాళ్ళు కూడా కలిస్తే 'మనం', వాళ్ళను వదిలేస్తే 'మేము'. తమిళంలో నామ్, నాంగళ్ అని ఇదే తేడా ఉంది. మలయ్ భాషలో కితా, కామి. అమెరికాలోనే హవాయి భాషలో కాకౌ, మాకౌ. ఆ 'మాకౌ' వినడానికి మన 'మాకు' లాగే ఉన్నా చుట్టరికం మాత్రం లేదు.

పిల్లలూ, ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఈ వ్యాసంలో 'మేము', 'మా', 'మాకు' ఉన్న చోట్ల ఒక గీత గీయండి. 'మనం', 'మన', 'మనకు' ఉన్న చోట్ల రెండు గీతలు గీయండి. ఒక గీత ఉన్న మాటల్లో మీ టీచర్లు మాత్రమే ఉన్నది ఎక్కడ, రెండు గీతల్లో మీరూ ఉన్నది ఎక్కడ, అసలు ఎవరూ లేకుండా ఊరికే ఉదాహరణగా వచ్చింది ఎక్కడ? అమ్మానాన్నలతో కలిసి చూసి, వచ్చే వారం బడికి తీసుకురండి.