షుగర్ మెషిన్ దేన్ని లెక్కపెడుతోంది?

పొద్దున్నే పరగడుపున అమ్మ షుగర్ చూసుకుంది. 148 వచ్చింది. రాత్రి రెండు పుల్కాలు తిని పడుకున్నదానికి ఇంతెందుకు వచ్చిందని నమ్మకం కుదరక, రెండు నిమిషాలు ఆగి ఇంకో వేలు పొడుచుకుని ఇంకో స్ట్రిప్పు పెట్టింది. ఈసారి 131. "ఒరేయ్, ఇందులో ఏది నిజంరా?" అంటూ మెషిన్ నా ముందుకు జరిపింది.

రెండూ నిజానికి దగ్గరివే అన్నాను. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. నచ్చకపోవడమే న్యాయం. మన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పింది. వాళ్ళలో ఎంతోమంది ఈ అంకెని చూసే ఇడ్లీలు రెండా మూడా, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు అన్నది తేల్చుకుంటారు. అంకె పెరిగితే తామేదో తప్పు చేశామని కుమిలిపోతారు. అంత బరువున్న అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఆ రోజు అమ్మకి చెప్పిందీ, ఆమె అడిగిన ప్రశ్నలకోసం నేను మళ్ళీ చదువుకున్నదీ ఇది.

మెషిన్‌కి చక్కెర కనిపిస్తుందా?

కనిపించదు. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తమంతటిలో ఉండే గ్లూకోజు సుమారు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. స్ట్రిప్పు పీల్చుకునే రక్తం ఒక మైక్రోలీటరు కూడా ఉండదు చాలా మెషిన్లలో. షుగర్ 100 ఉన్నప్పుడు ఒక మైక్రోలీటరు రక్తంలో గ్లూకోజు ఒక మైక్రోగ్రాము, గ్రాములో పది లక్షలో వంతు. అది కూడా ఒంటరిగా లేదు. ఉప్పు, ప్రొటీన్లు, కొవ్వులు, యూరియా, రాత్రి వేసుకున్న మాత్ర తాలూకు మందు, అన్నీ కలిసే ఉన్నాయి. ఆ గుంపులోంచి గ్లూకోజుని ఒక్కదాన్నే గుర్తుపట్టాలి.

ఆ గుర్తుపట్టే విద్య మనిషి కనిపెట్టింది కాదు. ఉల్లిపాయ పొట్టు తీస్తుంటే నల్లటి మసిలాంటిది వేళ్ళకి అంటుకుంటుంది కదా, అది ఆస్పర్జిల్లస్ నైగర్ కుటుంబానికి చెందిన బూజు. ఆ కుటుంబపు బూజులు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని తయారుచేస్తాయి. దాని ముందునుంచి పంచదార పోయినా, ఫ్రక్టోజు పోయినా అది దాదాపు పట్టించుకోదు. గ్లూకోజు తగిలిందా, దానినుంచి రెండు ఎలక్ట్రాన్లు లాగేసుకుంటుంది. ఇంట్లో వాడే చాలా స్ట్రిప్పుల కొసన ఎండబెట్టి ఉంచేది ఈ ఎంజైమునే. కొన్నింటిలో గ్లూకోజ్ డీహైడ్రోజనేజ్ అని ఇంకొకటి ఉంటుంది. అది చేసే పనీ ఎలక్ట్రాన్లు లాగడమే.

దీనికి ముందు ఏం చేసేవారో అమ్మకి గుర్తుంది. వాళ్ళ నాన్నగారికి మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో కలిపి స్పిరిట్ దీపం మీద కాచేవారట. నీలం రంగు ఆకుపచ్చకి మారిందా, పసుపుకి వెళ్ళిందా, ఇటుకరంగు తేలిందా అని ఇంటిల్లిపాదీ గాజు గొట్టంకేసి చూసేవారు. కానీ రక్తంలో షుగర్ సుమారు 180 దాటితేగాని మూత్రంలోకి పొర్లదు. ఆ రంగు చెప్పేది గడిచిపోయిన గంటల సంగతి. షుగర్ పడిపోతే ఆ పరీక్షకి అసలు తెలియనే తెలియదు.

ఎంజైము చేతిలోని ఎలక్ట్రాన్లని నేరుగా లెక్కపెట్టవచ్చన్న దారి 1962లో తెరుచుకుంది. అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్, గుండె ఆపరేషన్ల సమయంలో రక్తంలో ఆక్సిజన్ చూడడానికి పనికొచ్చే ఎలక్ట్రోడ్‌ని అప్పటికే తయారుచేసి ఉన్నారు. దాని కొసన రెండు పలచటి పొరల మధ్య గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ని ఇరికించారు. ఎంజైము లాక్కున్న ఎలక్ట్రాన్లని ఆక్సిజన్‌కి ఇస్తుంది, అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆక్సిజన్ ఎంత తరిగిందో చూస్తే గ్లూకోజు ఎంతుందో తెలిసిపోతుంది. జీవపదార్థం గుర్తుపడితే తీగ ఆ కబురు మోసుకొస్తుంది. బయోసెన్సర్ అన్న మాట వెనక ఉన్న ఆలోచన ఇదే.

అయితే ఒక చిక్కు. ఎంజైము చాలా పెద్ద ప్రొటీను ముద్ద. ఎలక్ట్రాన్లు చేరే చోటు దాని లోపల ఎక్కడో ఉంటుంది. బావిలో నీళ్ళున్నాయి, చేదుకోవడానికి బొక్కెన లేదు. ఆక్సిజన్‌నే బొక్కెనగా వాడదామంటే అది ఒక్కో బొట్టులో ఒక్కోలా ఉంటుంది. 1984లో ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఫెర్రోసీన్ అనే పదార్థాన్ని ఆ పనికి దించారు. రెండు కార్బన్ వలయాల నడుమ ఒక ఇనుప పరమాణువు ఉండే చిన్న అణువు అది. ఎంజైము లోపలికి వెళ్ళి ఎలక్ట్రాన్‌ని అందుకుని, తీగ దగ్గరికొచ్చి దించి, మళ్ళీ వెళుతుంది. మూడేళ్ళకి, 1987లో, కలం అంత మెషిన్ బజారులోకి వచ్చింది. ఇప్పటి స్ట్రిప్పులో జరిగేదీ అదే వరస. ప్లాస్టిక్ ముక్క మీద అచ్చువేసిన కార్బన్ గీతలో, బంగారు పూతో ఎలక్ట్రోడ్లు. సన్నటి కాలువ రక్తాన్ని దానంతటదే లోపలికి లాగుతుంది. ఎండి ఉన్న ఎంజైము తడిసి లేస్తుంది. కొన్ని క్షణాలపాటు మైక్రోయాంపుల కరెంటు పారుతుంది. మెషిన్ ఆ కరెంటుని కొలిచి, ఇంత ఉంటే ఇంత షుగరు అని అంకె వేస్తుంది. అమ్మ చూస్తున్న 148 నిజానికి ఎలక్ట్రాన్ల లెక్క.

మరి రెండుసార్లు రెండు రకాలుగా ఎందుకు?

ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే మనుషులు బాధపడేది ఇక్కడే.

ఇంట్లో వాడే మెషిన్లకి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2013లో పెట్టిన ప్రమాణం ప్రకారం, షుగర్ 100కి పైన ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు అసలు విలువకి 15 శాతం అటూఇటూలో ఉంటే చాలు. 100కి లోపల ఉంటే 15 అంకెల తేడా దాటకూడదు. అమ్మ అసలు షుగర్ 140 అనుకుంటే 119 వచ్చినా 161 వచ్చినా మెషిన్ నియమం తప్పనట్టే. 148, 131 రెండూ ఆ గీతల లోపలివే. ఇంత చిన్న బొట్టుతో, ఇంత తక్కువ ఖరీదులో చేసే పని కాబట్టి ఆ వెసులుబాటు ఇచ్చారు. అది తెలిస్తే పదిహేను అంకెల తేడాకి ఎవరూ రాత్రి భోజనం మానెయ్యరు.

వేళ్ళ సంగతి వేరు. మైక్రోలీటరు రక్తంలో ఉన్నది ఒక మైక్రోగ్రామే అని పైన అనుకున్నాం. వేలిమీద ఇంకో మైక్రోగ్రాము గ్లూకోజు అంటుకుని ఉంటే 100 కాస్తా 200 అవుతుంది. పండిన మామిడి రసంలో గ్లూకోజు రక్తంలో కన్నా ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. పిల్లలకి పండు ముక్కలు కోసిపెట్టి, తాను ఒక్క ముక్కయినా నోట్లో వేసుకోకుండా షుగర్ చూసుకుని భయపడిన తల్లులు ఎంతమంది ఉంటారో! స్పిరిట్ దూదితో తుడిస్తే ఆ తీపి పూర్తిగా పోదు. సబ్బుతో కడుక్కుని, శుభ్రంగా తుడుచుకోవాలి. తడి మిగిలితే రక్తం పలచబడి అంకె తగ్గుతుంది.

రక్తహీనత ఇంకో కారణం. ఎర్రకణాలు తక్కువున్న రక్తం పలచగా ఉండి, గ్లూకోజు ఎలక్ట్రోడ్‌దాకా సులువుగా చేరుతుంది. దాంతో అంకె ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. కొత్త మెషిన్లు కొన్ని ఎర్రకణాల పాలు కూడా చూసి లెక్క సరిచేస్తాయి, పాతవి చెయ్యవు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు, ఈ దిద్దుబాటు ప్రతి మెషిన్‌లోనూ ఉండాలని నా పట్టుదల.

ల్యాబు రిపోర్టుతో పోల్చుకుని మెషిన్ చెడిపోయిందనుకునేవాళ్ళూ ఉన్నారు. ల్యాబులో తీసేది చేతి సిరలోని రక్తం, మన మెషిన్ చూసేది వేలి కొస రక్తం. పరగడుపున రెండూ దగ్గరగానే ఉంటాయి. భోజనం చేశాక మాత్రం వేలి రక్తంలో ఎక్కువుంటుంది, ఎందుకంటే సిరలోకి చేరేసరికి దారిలో కండరాలు కొంత గ్లూకోజు తీసేసుకుంటాయి. పైగా గొట్టంలో పోసిన రక్తం బతికే ఉంటుంది. అందులోని కణాలు గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజుని తినేస్తూనే ఉంటాయి. అందుకే షుగర్‌కి తీసే రక్తాన్ని ఫ్లోరైడ్ కలిపిన బూడిదరంగు మూత గొట్టంలో పోస్తారు.

ఇంక డబ్బా మూత. అమ్మ స్ట్రిప్పుల డబ్బా వంటింట్లో, పొయ్యి పక్క అరలో, మూత సగం తెరిచి ఉంది. ఎంజైము తేమ తగిలితే పాడవుతుంది. డబ్బా లోపల తేమ పీల్చే మందు పెట్టేది ఊరికే కాదు.

చేతికి అంటించుకునే బిళ్ళ ఎలా పనిచేస్తుంది?

రోజుకి నాలుగుసార్లు పొడుచుకున్నా తెలిసేది నాలుగు క్షణాల సంగతే. అర్ధరాత్రి రెండింటికి షుగర్ పడిపోతే ఎవరికి తెలుస్తుంది? మా వీధిలో టైప్ 1 మధుమేహం ఉన్న ఎనిమిదో తరగతి పిల్ల ఉంది. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి అలారం పెట్టుకుని లేచి పిల్ల వేలు పొడిచేది. ఇప్పుడు ఆ పిల్ల భుజం వెనక రూపాయి బిళ్ళంత సెన్సర్ ఉంటుంది. అంటించేటప్పుడు సూది లోపలికి వెళ్ళి వచ్చేస్తుంది. సుమారు అయిదు మిల్లీమీటర్ల మెత్తటి తీగ మాత్రం చర్మం కింద ఉండిపోతుంది.

అక్కడ రక్తం ఉండదు, కణాల మధ్య ద్రవం ఉంటుంది. గ్లూకోజు రక్తనాళంలోంచి అక్కడికి ఊరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే షుగర్ వేగంగా పడిపోతున్నప్పుడు సెన్సర్ కాస్త వెనకబడి చెబుతుంది. చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, అంకె మాత్రం బాగానే ఉందంటే వేలు పొడిచి చూడాలి. ఆ చెయ్యి కింద పడేలా పక్కకి తిరిగి పడుకుంటే ద్రవం నలిగి అంకె ఉత్తుత్తినే తగ్గి, అలారం మోగుతుంది.

అసలు కష్టం పడ్డది తీగ మీది పొర దగ్గర. చర్మం కింద గ్లూకోజు అణువులు పదులకొద్దీ ఉంటే ఆక్సిజన్ అణువు ఒకటి ఉంటుంది. ఆక్సిజన్ మీద ఆధారపడే సెన్సర్‌ని అలాగే వదిలేస్తే అది కొలిచేది గ్లూకోజుని కాదు, ఆక్సిజన్ కొరతని. అందుకని పాలీయురెథేన్ పొర ఒకటి కప్పారు. అది ఆక్సిజన్‌ని ధారాళంగా రానిస్తుంది, గ్లూకోజుని కొద్దికొద్దిగానే పోనిస్తుంది. గ్లూకోజుని కొలిచే పరికరానికి గ్లూకోజుని అడ్డుకునే పొరే ప్రాణమన్నది మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆడం హెల్లర్ ఇంకో దారి పట్టారు. ఆక్సిజన్ అక్కరలేకుండా, ఆస్మియం పరమాణువులు గుచ్చిన జెల్లీలాంటి పాలిమర్‌తో ఎంజైముని ఎలక్ట్రోడ్‌కి అంటించేశారు. ఇల్లు అంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి బొక్కెనలు అందించుకున్నట్టు, ఎలక్ట్రాన్ ఒక ఆస్మియం నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ తీగకి చేరుతుంది. 2014లో ఐరోపాలో మొదలై ప్రపంచమంతా పాకిన ఒక సెన్సర్ కుటుంబం ఈ పని మీదే నిలబడింది.

ఆ సెన్సర్‌ని పద్నాలుగు రోజులకే ఎందుకు తీసేయాలి?

కాల్లో ముల్లు విరిగి ఉండిపోతే చుట్టూ కాయ కట్టడం చూశాం. సెన్సర్ తీగ కూడా శరీరానికి ముల్లే. లోపలికి వెళ్ళిన నిమిషాల్లో ప్రొటీన్లు అంటుకుంటాయి, తరవాత తెల్లకణాలు వచ్చి చుట్టుముడతాయి, అవీ గ్లూకోజు తింటాయి. వారాలు గడిస్తే చుట్టూ గట్టి గూడు కడుతుంది. అప్పుడిక గ్లూకోజు తీగదాకా రాదు. జిగురు ఊడడం, ఎంజైము నీరసించడం కూడా ఉన్నాయి గానీ ఈ గూడే పెద్ద శత్రువు.

ఇటీవలి పరిశోధనల్లో నాకు ఎక్కువ ఆశ కలిగించేది దీనిమీద జరుగుతున్న పని. ధన, ఋణ ఆవేశాలు సమానంగా ఉండే జ్విట్టర్‌అయానిక్ పాలిమర్లు నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, ప్రొటీన్లకి అంటుకోవడానికి చోటే దొరకదు. 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అలాంటి జెల్లీని ఎలుకల చర్మం కింద మూడు నెలలు ఉంచితే దాని చుట్టూ గూడు కట్టలేదు. 2018లో ఎంఐటీ పరిశోధకులు ఇదే కోవకి చెందిన పూతని సెన్సర్ల మీద వేసి, జంతువుల్లో రీడింగులు నిలకడగా వస్తాయని చూపించారు. ఎంజైమునే వదిలేసిన దారి కూడా ఉంది. ఎవర్‌సెన్స్ అనే సెన్సర్‌ని డాక్టరు భుజం చర్మం కింద అమరుస్తారు. అందులోని బోరాన్ రసాయనం గ్లూకోజుని పట్టుకున్నప్పుడు వెలుగుతుంది, మంట తగ్గించే స్టెరాయిడ్ మందు దాని పక్కనుంచే కొద్దికొద్దిగా ఊరుతుంది. 2018లో అమెరికాలో దానికి 90 రోజులకి అనుమతి దొరికింది, 2024లో అది ఏడాదికి పెరిగింది.

ఇదంతా విని అమ్మ ఫోనులో ఒక ప్రకటన చూపించింది. పొడవక్కరలేదు, వాచీ పెట్టుకుంటే చాలు, షుగర్ చెబుతుందట. "ఇది కొనిపెట్టరాదూ?"

చర్మం మీదినుంచి వెలుతురు పంపి గ్లూకోజుని చూడాలని ఎంతోమంది దశాబ్దాలుగా కష్టపడుతున్నారు. చర్మంలోని నీరు, కొవ్వు, ప్రొటీన్ల సందడిలో గ్లూకోజు జాడ మునిగిపోతుంది. చెమటలో గ్లూకోజు రక్తంలో ఉన్నదానిలో నూరో వంతు. కన్నీటితో చూసే కాంటాక్ట్ లెన్సుని 2014లో గూగుల్ ప్రకటించింది. కన్నీటి గ్లూకోజుకీ రక్తపు గ్లూకోజుకీ నిలకడైన పొంతన కుదరక 2018లో ఆ పని ఆపేశారు. చర్మాన్ని పొడవకుండా చూసే వాచీకి గానీ ఉంగరానికి గానీ షుగర్ కొలవడానికి తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణానికే ముప్పని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

వాచీ కొనలేదు. ఆ సాయంత్రం కొత్త స్ట్రిప్పుల డబ్బా తెచ్చి, వంటింటి అరలో కాకుండా ముందుగది బీరువాలో పెట్టాను. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర అమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. తరవాత డబ్బా మూత టక్కున పడింది.