రైలు టికెట్టూ, తిరిగే చక్రమూ



కార్తీకమాసంలో ఒకనాడు తెల్లవారుజామునే దీపం పెట్టుకుని, తులసికోటకి దణ్ణం పెట్టుకుని, 8 గంటలయ్యే వేళకి ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. ఎందుకంటారా? హైదరాబాదులో వుంటున్న మా అబ్బాయీ, కోడలూ, ఏడాదైనా నిండని మనవరాలూ సంక్రాంతికి రావాలి. పిల్లకి మొదటి భోగిపళ్లు ఆమదాలవలసలో, ఈ ఇంట్లోనే పొయ్యాలని నా కోరిక. రైలు బయల్దేరే రోజుకి 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకి రిజర్వేషను తెరుస్తారు. 2024 నవంబరు దాకా ఈ గడువు 120 రోజులుండేది. ఆ వేళకి పిల్లలిద్దరూ ఆఫీసు దారిలో వుంటారు గనక పని నా మీద పడింది.

8 కొట్టింది. ఫోనులో చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. పాలు పోయడానికొచ్చిన మనిషి చూసి, "ఏటమ్మా, మీ ఫోనుకి కోపమొచ్చినాదేటి?" అంది. నవ్వొచ్చింది గాని గుండె మాత్రం దడదడలాడుతూనే వుంది. తీరా లోపలికి వెళ్లాక కళ్లజోడు వెతుక్కుని, పేర్లూ వయస్సులూ ఒక్కొక్క అక్షరమే కొట్టేసరికి బెర్తులు కాస్తా అయిపోయాయి. వెయిటింగు లిస్టు కనబడింది. నా చేతకానితనం వల్లనే పిల్ల భోగిపళ్లు తప్పిపోతాయేమోనని ఆ పూట అన్నం సయించలేదు.

కంప్యూటరు పని చేసే మా మేనల్లుడు ఆ వారం వచ్చాడు. వాణ్ణి కూర్చోబెట్టి, ఆ చక్రం తిరిగేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్పమన్నాను. "తప్పు నీది కొంతే అత్తా. ఆ పనే అంత కష్టమైనది" అన్నాడు. వాడు చెప్పిందీ, నేను తెలుసుకున్నదీ మీకూ చెబుదామనే ఈనాటి ప్రసంగం.

మన వూరి స్టేషను పేరు రైల్వే లెక్కల్లో శ్రీకాకుళం రోడ్డు. వెనకటి రోజుల్లో రిజర్వేషనంటే ఒక లావుపాటి పుస్తకం. గుమాస్తా పేజీ తిప్పి, ఖాళీ చూసి, పేరు రాసేవాడు. పుస్తకం ఒక్కటే, రాసే చెయ్యి ఒక్కటే. అందుచేత ఒక బెర్తు ఇద్దరికి రాసే ప్రమాదం తక్కువ. కాని వేరే వూరినుంచి బయల్దేరే రైలుకి బెర్తు కావాలంటే అక్కడికి తంతి కొట్టి, జవాబు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది.

1985లో ఢిల్లీలో ఈ పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ తరవాత ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు, ఇలా 5 కేంద్రాలయ్యాయి. అయితే ఏ కేంద్రం పుస్తకం దానిదే. వీటిని కలిపే కొత్త ఏర్పాటును రైల్వే వారి క్రిస్ సంస్థ తయారు చేస్తే, 1990ల నడుమ దాన్ని మొదట పెట్టింది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి అయిదూ కలిశాయి. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. వారు ఇంటర్నెట్టులో టికెట్లమ్మడం మొదలెట్టారు. అప్పట్లో ఇంట్లో కొన్నా టికెట్టు కాగితం కొరియరులో రావలసిందే. కాగితం అక్కర్లేని ఇ-టికెట్టు 2005లో వచ్చింది. ఇలా ఒక పెద్ద సంస్థ పనంతా ఇంటర్నెట్టు మీద నడిపే ఏర్పాటునే కంప్యూటరు వాళ్లు ఎంటర్‌ప్రైజ్ వెబ్ అప్లికేషన్ అంటారు. పేరు పెద్దదే గాని, అందులోని చిక్కులు మనకి తెలియనివేం కావు.

మొదటి చిక్కు, ఒక బెర్తు ఇద్దరికి ఇవ్వకూడదు. పెళ్లి బంతిలో ఒక్క విస్తరే మిగిలింది. ఈ గుమ్మం దగ్గర మామగారు ఒకర్ని రమ్మన్నారు, ఆ గుమ్మం దగ్గర బావగారు మరొకర్ని రమ్మన్నారు. ఇక చూస్కోండి రభస! అది రాకుండా వుండాలంటే, విస్తరి ఇచ్చే మాట ఒక్క మనిషి నోటనే రావాలి. కంప్యూటరూ అంతే. గుమ్మాలు ఎన్నయినా పెట్టవచ్చు గాని, చివరికి బెర్తు రాసే పుస్తకం దగ్గర ఒకరి తరవాత ఒకరు నిలబడాలి. పైగా ఒకే బెర్తు సికింద్రాబాదు నుంచి విశాఖపట్నం దాకా ఒకరిదీ, అక్కణ్ణించి భువనేశ్వరు దాకా ఇంకొకరిదీ కావచ్చు. ఆ ముక్కలన్నీ లెక్క చూసుకునే రాయాలి. మీకు తెరమీద కనబడే ఖాళీల సంఖ్య ఆ క్షణానిది మాత్రమే. డబ్బు చేరేదాకా బెర్తు మీ పేరున వుండదు.

రెండో చిక్కు, అందరూ ఒకే నిమిషంలో రావడం. తత్కాల్ అయితే ప్రయాణానికి ముందురోజు, ఏ.సి. తరగతులకి 10 గంటలకి, తక్కినవాటికి 11కి తెరుస్తారు. మధ్యాహ్నం 3 గంటలకి ఈగలు తోలుకునే దుకాణంలో 10 గంటలకి తిరునాళ్లే! ఆ ఒక్క గడియ కోసమే పెద్ద పెద్ద పొయ్యిలు సిద్ధంగా వుంచాలి. నిమిషానికి 2000 టికెట్లు ఇవ్వగలిగే ఏర్పాటును 2014లో 7200 ఇచ్చేటట్టు పెంచారు. అయినా రద్దీ తీరలేదు. మనుషులతో పాటు, కన్ను మూసి తెరిచేలోగా ఫారం నింపే దొంగ ప్రోగ్రాములూ ఆ క్యూలో దూరాయి. అందుకే 2025 జూలై నుంచి ఇంటర్నెట్టులో తత్కాల్ కొనాలంటే ఆధార్‌తో సరిచూసుకున్న ఖాతా వుండాలన్నారు. దొంగకి వేసిన తాళం దొరకి కూడా కాస్త ఇబ్బందే. మనం ముందుగా ఆ పని చేసి పెట్టుకోకపోతే 10 గంటల వేళ వీధిలోనే నిలబడతాం.

మూడోది డబ్బు చిక్కు. ఇది మనల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెడుతుంది. రైల్వే ఒక ఇల్లు, బ్యాంకు ఒక ఇల్లు, మధ్యలో కబురు మోసేది మూడో ఇల్లు. పిల్లాడి చేత దుకాణానికి డబ్బు పంపామనుకోండి. వాడు తిరిగి రాలేదు. డబ్బు ఇచ్చాడా, దారిలో వున్నాడా? మనకి తెలీదు. ఆ కంగారులో రెండోవాడి చేత మళ్లీ పంపితే రెండుసార్లు సరుకు రావచ్చు. అందుచేత డబ్బు పోయినట్టు కనిపించి టికెట్టు రాకపోతే, వెంటనే మళ్లీ కొనకండి. మీ ఖాతాలో పాత బుకింగుల జాబితా తెరిచి చూడండి. 10 అంకెల పి.ఎన్.ఆర్. వుంటే టికెట్టు వచ్చినట్టే. లేకపోతే రానట్టే, ఆ డబ్బు కొన్నాళ్లకి కొన్నచోటికే తిరిగి వస్తుంది. బ్యాంకు నుంచి వచ్చిన సందేశాన్ని మాత్రం తుడిచెయ్యకండి.

నాలుగో చిక్కు, కాపురం వుంటూనే ఇల్లు బాగుచేసుకోవడం. రైళ్లు ఆగవు గనక ఈ దుకాణం మూసేసి మరమ్మతు చెయ్యడానికి వీల్లేదు. అర్ధరాత్రి కాసేపు తలుపు వేసి సర్దుకుంటారు. పాతవి పారెయ్యడానికీ కుదరదు. మన స్టేషనుకి కంప్యూటరులో గుర్తు ఏమిటో తెలుసునా? సి.హెచ్.ఇ. అందులో శ్రీకాకుళమూ లేదు, ఆమదాలవలసా లేదు. దొరలనాటి చికాకోల్ అన్న మాటలోని అక్షరాలవి. పేరు మారినా ఆ గుర్తు మార్చడం తేలిక కాదు, ఎన్నో లెక్కలు దానికి ముడిపడి వుంటాయి మరి.

అయిదోదే నా మనసుకి ఎక్కువ తగిలింది. ఈ ఏర్పాట్లు చేసేవాళ్లు చాలామంది పడుచువాళ్లు, వేళ్లు చురుకైనవాళ్లు. చత్వారం వచ్చిన ఇల్లాలు చిన్న అక్షరాలు చదువుతూ, పొయ్యి మీద పాలు చూసుకుంటూ కొట్టే వేగం వాళ్లకి ఎలా తెలుస్తుంది? మా మేనల్లుడితో అదే అన్నాను. "ఒరే, మీరు కట్టినదాన్ని మొదట మీ అమ్మచేత వాడించి, పక్కన కూర్చుని చూడండిరా. నోరు మాత్రం మెదపకండి" అని. వాడు నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు.

ఇక మనం చెయ్యగలిగినవి. ప్రయాణం చేసేవాళ్ల పేర్లూ వయస్సులూ ముందురోజే ఖాతాలోని మాస్టర్ లిస్టులో రాసి పెట్టుకుంటే ఆ నిమిషంలో కొట్టక్కర్లేదు. ఫలక్‌నుమా గాని, విశాఖ గాని, ఈస్ట్ కోస్ట్ గాని, దొరక్కపోతే చూడ్డానికి రెండో రైలు పేరు రాసి వుంచుకోండి. చార్టు తయారయ్యాక కూడా అందరూ వెయిటింగులోనే వుంటే ఇ-టికెట్టు దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. ఆ టికెట్టుతో రైలెక్కకండి. ఫోను పొసగనివారికి స్టేషనులో కౌంటరు వుండనే వుంది, అందులో చిన్నతనమేమీ లేదు.

మర్నాడు నేను మళ్లీ కూర్చున్నాను. పేర్లు ముందే రాసి వున్నాయి, కళ్లజోడు ముక్కు మీదే వుంది. ఒకరోజు ఆలస్యపు రైలుకి రెండు బెర్తులు దొరికాయి. పిల్లలు భోగినాటి ఉదయం దిగారు. సాయంత్రం పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్లూ, చెరకు ముక్కలూ, చిల్లర డబ్బులూ కలిపి మనవరాలి నెత్తిన పోశాం. అది ఒక రేగుపండు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది.

ఈసారి చక్రం తిరుగుతుంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. లోపల ఎవరి బెర్తు ఎవరికీ పోకుండా లెక్క జరుగుతోందనుకోండి. మరి సెలవు.