మోసపోతామేమో!

కూరగాయలవాడు త్రాసు ఎత్తగానే ఇల్లాలి చూపు వంకాయల మీది నుంచి ముల్లు మీదికి పోతుంది. చిప్ప కింద చింతపండు ముద్ద అంటించాడేమోనని అనుమానం. తూకం సరిపోయినా సరే, "కొసరు వెయ్యి" అంటుంది. రెండు కాయలు ఎక్కువ పడితే గాని, మోసపోలేదన్న తృప్తి కలగదు.

ఇంతవరకు నవ్వుకోదగిన సంగతే. కాని ఇదే భయం మనిషి బతుకును ఎలా మలుస్తుందో తెలియాలంటే ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు చూడాలి. అక్కడి కోయలు, కొండరెడ్లు ఇప్పపువ్వు, చింతపండు సంతకు తెచ్చి ఉప్పు, బట్ట కొనుక్కునేవారు. కొనడానికి ఒక కొలత, అమ్మడానికి మరొక కొలత వాడే వర్తకులు ఏజెన్సీ సంతల్లో ఉండేవారు. గోదావరి గట్ల మీది కొండరెడ్లు కలప వర్తకులకు బాకీపడి, వారికింద పాటుపడిన తీరును హైమన్‌డార్ఫ్ పండితుడు 1945లో వెలువరించిన గ్రంథంలో వర్ణించాడు. అప్పుకని వేసిన వేలిముద్ర చివరకు పొలానికే ఎసరు పెట్టేది.

ఇలా దెబ్బతిన్నవాడు కొత్తమనిషిని చూస్తే తప్పుకుంటాడు. కాగితం కనబడితే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అది అప్పుపత్రమైనా, మేలుచేసే పట్టా అయినా అతనికి ఒకటే. పట్నవాసులు దీన్ని మొండితనమంటారు. తాడును చూసి పామనుకోవడం భ్రాంతే కావచ్చు; ఒకసారి కాటుపడ్డవాడికి ఆ భ్రాంతి తప్పుతుందా?

ఈ భయం వల్ల నష్టపోయేది ఒక్క భయపడ్డవాడేనా? 1970లో జార్జి అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాతకార్ల బేరాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ చిక్కు విప్పాడు. సరుకు మంచిచెడ్డలు అమ్మేవాడికే తెలిసినప్పుడు, కొనేవాడు భయపడి ధర తగ్గిస్తాడు. ఆ ధర గిట్టక మంచి సరుకువాడు సంత విడిచిపోతాడు, నాసిరకం మిగులుతుంది. బియ్యంలో రాళ్లు ఏరుకునే మన దేశపు ఇల్లాలి ప్రస్తావన కూడా ఆ వ్యాసంలో ఉంది! 2001లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకరు. మోసగాడు తన బేరగాడితో పాటు పక్క దుకాణంలోని నిజాయితీపరుణ్ణి కూడా దోచుకుంటున్నాడన్నమాట.

మరి దీనికి మందేమిటి? "నమ్మండి" అని నీతులు చెబితే భయం పోదు. సరిచూసుకునే వీలు కలిగించాలి. గిరిజనుల అటవీ ఫలసాయాన్ని కొనడానికి, వారికి నిత్యావసరాలు అమ్మడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండా 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో దాన్ని మరింత బిగించారు. ఇవన్నీ అవసరమే. అయితే తూకం అమ్మేవాడి కళ్లెదుట జరగాలి. కాగితంలో ఉన్నది కోయవాడికి కోయభాషలో చదివి చెప్పాలి. అప్పుడే నమ్మకానికి వేరు దిగుతుంది.

జాగ్రత్త వద్దనడం లేదు. ఫోనులోనే సొమ్ము కాజేసే ఈ రోజుల్లో అది మరీ అవసరం. కాని ఒకడు మోసం చేశాడని తొమ్మండుగురిని గుమ్మం నుంచే పంపేస్తే, మనకు ఎక్కువ నష్టం చేసింది ఆ ఒక్కడా, మన భయమా?