మానని దవడ పుండు – క్షయ కావచ్చును

క్షయ యనగానే మనకు దగ్గు, కఫము స్ఫురించును. కాని ఆ క్రిమి రక్తము ద్వారా దవడ, చెంప ఎముకలకును చేరగలదు. ఇది అరుదు, అందుచేతనే పంటి చీముగా పొరబడుట కలదు. పన్ను తీసినను పుండు మానదు. ఆలస్యమైనచో ఎముక క్షీణించి ముఖము వికృతమగును.

ఎక్స్‌రే ఒక్కటే చాలదు. చీమునో, పుండు నుండి తీసిన చిన్న ముక్కనో పరీక్షింపవలెను. వరంగల్లు ఎం.జి.ఎం. వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయకు పరీక్షలు, మందులు ఉచితము. ఎముక క్షయకు మందులు సుమారు సంవత్సరము వాడవలెను. వాపు తగ్గినదని నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టును. క్రిమి మందులకు లొంగకపోవచ్చును. పోషణకై నెలకు 1000 రూపాయల సహాయము 2024 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది.

పంచాయతీ సభ్యులకు మేము చేయు మనవి యిది: ముఖముపై మానని పుండు గలవారిని వెంటనే ఆసుపత్రికి పంపుడు, మందులు ముగియువరకు కనిపెట్టి యుండుడు.