చలిలో మోటారు సైకిలు: ఇంట కుట్టుకొను వెచ్చని బనియను



విద్యుచ్ఛక్తితో వెచ్చబడు బట్టను స్వల్పవ్యయముతో ఇంటిలోనే తయారు చేసికొనుట యెట్లో నేడు చెప్పదలచితిని. మోటారు సైకిలు నడుపు వయసు మాది కాదే, మాకీ గొడవ యెందుకని మీరనవచ్చును. కాని తెల్లవారకమునుపే పాలక్యానులు కట్టుకొని కేంద్రమునకు పోవువాడు, కూరగాయల మూటతో సంతకు బయలుదేరువాడు మీ యింటి కుఱ్ఱవాడే కదా. వాడు వినకున్నను మీరు వినిన చాలును. ఇంటిలో సూది దారము లెవరి చేతికీయవలెనో మీకే బాగుగా తెలియును.

మన ప్రాంతమున చలి యేపాటిదని తీసివేయరాదు. లంబసింగి, చింతపల్లి కొండలలోను, ఆదిలాబాదు అడవులలోను పుష్యమాసపు వేకువను ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పడిన సంవత్సరములు కలవు. ఆ చలి నిలుచున్నవాని కొకరీతి, బండిమీద నున్నవానికి వేరొకరీతి. మన శరీరము తనచుట్టు పలుచని వెచ్చని గాలిపొర నొకదానిని నిలుపుకొనును. ఎదురుగాలి ఆ పొరను నిమిషనిమిషము ఊడ్చివేయును. 1940 ప్రాంతమున అంటార్కిటికా ఖండములో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అను అమెరికా పరిశోధకు లిద్దరు చిన్నడబ్బాలో నీరుపోసి గాలిలో వ్రేలాడదీసి, ఎంత గాలికి ఎంత త్వరగా గడ్డకట్టునో కొలిచిరి. ఆ కృషినుండి పెరిగి నేడు వాడుకలోనున్న లెక్క ప్రకారము, 5 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవువాని ముఖమునకు సున్నకు ఒక డిగ్రీ దిగువనున్నట్లు తోచును.

ఇది సుఖదుఃఖముల మాట మాత్రమే యైనచో ఇంత చెప్పనక్కరలేదు. వ్రేళ్ల చర్మము 15 డిగ్రీల వరకు చల్లబడినచో వానిలో నేర్పు తగ్గిపోవును. బ్రేకును పట్టవలెనని మనస్సు చెప్పినను చేయి ఆలస్యము చేయును. 50 కిలోమీటర్ల వేగమున బండి క్షణమునకు దాదాపు 14 మీటర్లు పోవును. ఒక్క క్షణము జాగైన, ఎదుట నున్న యెడ్లబండికిని మనకును నడుమ ఆ 14 మీటర్లు లేకుండ పోవును. మంచు పట్టిన వేకువలో అది ప్రాణముతో సమానము.

చేతులు చల్లబడినచో చేతులనే వెచ్చచేయవలెనని ఎవరికైనను తోచును. శరీరపు పద్ధతి వేరు. గుండె, ఊపిరితిత్తులు ఉన్న నడిమిభాగము చల్లబడుచున్నదని తెలిసిన వెంటనే, అది చేతులకు కాళ్లకు పోవు రక్తనాళములను ముడిచి, వేడిని లోపల దాచుకొనును. కరవులో గింజలు గాదెలో దాచుకొనినట్లు. కావున ఱొమ్మును మెడను వెచ్చగా నుంచినచో చేతులకు రక్తము దానంతటదే పారును. చేతితొడుగులు వలదని నా మాట కాదు. మొదట ఱొమ్ము, తరువాత చేతులు.

అందులోను మొదటిపని గాలి నాపుట. గొంగళి యెంత మంచిదైనను అల్లికలోనుండి ఎదురుగాలి దూరును. దానిపై నొక పాత వానకోటు తొడిగిన చాలు, సగము కార్య మైనట్లే. ఫ్రాన్సు దేశపు సైకిలు పందెములలో కొండదిగునపుడు చొక్కాలోపల వార్తాపత్రిక పెట్టుకొనుట చిరకాలపు వాడుక. పత్రిక చదివిన తరువాత దానికిదొక సద్వినియోగము. ఇంతటితో చలి తీరినవాడు ఇక తీగల జోలికి పోనక్కరలేదు.

తీరనివారికి తీగల బనియను. ఇది క్రొత్త విషయము కాదు. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా బాంబరు విమానములవారు ఇరువదియైదువేల అడుగుల ఎత్తున, సున్నకు 40 డిగ్రీల దిగువ చలిలో, కరెంటుతో వెచ్చబడు దుస్తులు తొడిగిరి. తొలిరకపు దుస్తులలో తీగ యంతయు ఒకే వరుస. ఎచ్చటనైన ఒకచోట తెగినచో మొత్తము చల్లబడెడిది. తరువాతివానిలో శాఖలుగా విడదీసిరి. మన పనికి ఒకే వరుస చాలును. తెగినచో త్రోవలో కొంచెము వణకుదుము, అంతే.

తీగ విషయము నిదానముగా వినుడు. తక్కిన దంతయు కుట్టుపని. కావలసినది టెఫ్లాన్ తొడుగు గల సన్నని రాగితీగ, లోపలి రాగి మందము పావు మిల్లీమీటరు. మోటారు వైండింగు దుకాణపు ఎనామెలు తీగ పనికిరాదు. మడతలలో పూత రాలి, రాగి రాగికి తగులును. చెప్పిన తీగకు మీటరు ఒక్కింటికి ఓములో మూడవవంతు నిరోధ ముండును. 12 మీటర్లకు 4 ఓములు. బండి బ్యాటరీ 12 వోల్టులు కనుక 3 ఆంపియర్లు పారి 36 వాట్ల వేడి పుట్టును. ఇంజను తిరుగుచున్నపుడు వోల్టులు హెచ్చును గనుక వేడియు కొంత హెచ్చును. ఊరకకూర్చున్న మనుష్యుని దేహము దాదాపు 100 వాట్ల వేడి పుట్టించునని తలచినచో, ఇది యెంత సహాయమో తెలియును.

ఇచ్చట బుద్ధిమంతులును తడబడు చోటొకటి యున్నది. తీగ తక్కువైనచో వేడి తక్కువగునని అందఱు అనుకొందురు. జరుగునది దానికి విరుద్ధము. 12 మీటర్లకు బదులు 6 మీటర్లే పెట్టినచో నిరోధము సగమై, వేడి 72 వాట్లగును. అదియు సగము తీగలోనే పుట్టును గనుక మీటరుకు 3 వాట్లున్నచోట 12 వాట్లు కాగును. ఒడలు కాలునది అప్పుడే. తీగ తెగి పొట్టియైనచో క్రొత్తది వేయవలెను గాని ముక్కను వాడరాదు.

మఱి మన చిన్నబండ్లు ఈ భారమును మోయగలవా? వంద సి.సి. బండి ముందుదీపమునకు సాధారణముగా 35 వాట్ల బల్బు. 2017 ఏప్రిలు నుండి క్రొత్తబండ్లలో ఆ దీపము పగలును రాత్రియు వెలుగుచునే యుండవలెనని నియమము. మన బనియను రెండవ దీపము వంటిది. ఇంజను తిరుగుచుండగా, బనియను వెచ్చగా నుండగా బ్యాటరీ కొనల వద్ద మల్టీమీటరు పెట్టి చూడుడు. 13 వోల్టులకు పైన నిలిచినచో భయము లేదు. 12న్నరకు దిగినచో మఱునాటి ఉదయము బండి కదలదు.

అట్టి చిన్నబండ్లవారికి ఫోనులకు వాడు పవర్ బ్యాంకు మేలని నా అభిప్రాయము. అది 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు ఈయగలది కావలెను. 8 మీటర్ల తీగ వేసినచో 9 వాట్లు వచ్చును. పదివేల మిల్లీఆంపియర్ల రకము దాదాపు మూడుగంటలు నడచును. వెడల్పుమొన గల పాత చార్జింగుతీగను కోసి, లోపలి ఎఱ్ఱ, నల్ల తీగలను మాత్రము కలుపవలెను. తొమ్మిది వాట్లు కొంచెమే. గాలినాపు కోటు పైనలేనిచో దాని యునికియే తెలియదు, ఉన్నచో ఊరినుండి సంతకు చాలును.

కుట్టుటకు నూలుబనియను వాడవలెను. నైలాను, పాలిస్టరు వేడికి కరగి ఒంటి కంటుకొనును. రెండు నూలుపొరల నడుమ, ఱొమ్ముమీదను వీపు పైభాగమునను మెడపట్టీలోను, తీగను పామునడకగా అంగుళము ఎడముతో పరచి చేతికుట్టు వేయవలెను. తీగ తనను తాను దాటరాదు. చంకలలోను నడుము మడతలోను పెట్టరాదు. కొనలను మెలిపెట్టి వదలక సోల్డరింగు చేయించి, పైన తొడుగు వేయవలెను. బండి బ్యాటరీ వాడువారు బ్యాటరీ ప్రక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పక పెట్టవలెను. ఇది లేని బనియనును నేనెవరికిని తొడగనీయను. లాగిన వెంటనే ఊడు ప్లగ్గు కూడ వలయును. పడిపోయినవాడు బండికి కట్టుబడి యుండరాదు. ఇంటిగోడ ప్లగ్గునకు దీనిని ఏ ఉపాయముచేతను తగిలింపరాదు.

మొదటిసారి ఇంటిలోనే అరగంట తొడిగి, ఎచ్చటనైన చురుకు తగులుచున్నదేమో చూచుకొనవలెను. ఎల్లప్పుడును లోన నొక చొక్కా ఉండవలెను. 44 డిగ్రీల వేడియైనను ఆరుగంటలు ఒకేచోట తాకినచో చర్మము కాలునని 1947లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. కాశ్మీరమున కాంగ్డి యను కుంపటిని చొక్కాలోపల ఏండ్లతరబడి పెట్టుకొనువారికి అచ్చటి చర్మముపై పుండుకాన్సరు వచ్చుట వైద్యు లెఱిగినదే. మధుమేహముచేత స్పర్శ తగ్గినవారు ఈ బనియను తొడగరాదు. కాలుచున్నను వారికి తెలియదు. వారికి గొంగళియు వానకోటును చాలును. ఉతుకవలసినపుడు తీగలపొరను విప్పి, వట్టిబట్టనే నీటిలో వేయవలెను. తిరిగి కుట్టిన పిదప మల్టీమీటరుతో ఓములు కొలిచి, మొదటి లెక్కతో సరిపోయిననే బండి యెక్కవలెను.